ఆఫీసులో రోజంతా టిక్స్ ఆపుకుంటే మెడ పట్టేస్తోంది, ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

కిటికీపక్క_సీటు
నాకు 31. ఆటిజం అని తేలింది రెండేళ్ల కిందట. టిక్స్ మాత్రం ఏడో ఏటి నుంచీ ఉన్నాయి. కుడి భుజం ఎగరేయడం, మెడ ఎడమకి విదిలించడం, గొంతులో 'హ్మ్‌క్' అని ఒక చప్పుడు. ఇంట్లో పాడలవాటు అనేవాళ్లు. బళ్లో ఒక సార్ చప్పుడు చేసినప్పుడల్లా స్కేలుతో వేళ్ల మీద కొట్టేవాడు. కొడతాడని భయం వేస్తే చప్పుడు ఇంకా ఎక్కువయ్యేది.

ఇన్నాళ్లూ ఆఫీసులో గోడ వైపు మూల సీటు నాది, ఎవరికీ పెద్దగా తెలియలేదు. జూన్‌లో కొత్త బిల్డింగ్‌కి మారాం. ఎవరికీ సొంత సీటు లేదు, పొద్దున్నే ఏది ఖాళీగా ఉంటే అందులో కూర్చోవాలి. పోయిన వారం మేనేజర్ పిలిచి, "మీటింగ్‌లో మన సీనియర్ పెద్దాయన మాట్లాడుతుంటే నువ్వు గొంతు సవరిస్తున్నావట, వెటకారం చేస్తున్నట్టు ఉందట" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను.

అప్పటి నుంచి తొమ్మిదిన్నర మొదలు ఆరున్నర దాకా బిగబట్టుకుని కూర్చుంటున్నాను. ఆరున్నరకి సెల్లార్‌లో బండి దగ్గరికి వెళ్లి, హెల్మెట్ పెట్టుకుని, అద్దం దించేసి పది నిమిషాలు అన్నీ వదిలేస్తా. ఊపిరికి అద్దం మసకబారుతుంది. అది తేటపడే దాకా ఆగి అప్పుడు బండి తీస్తా. ఇంటికి చేరాక మెడ తిరగదు. అమ్మ ఫోన్ చేసినా రెండు మాటలకు మించి రావు.

ఆఫీసులో చెప్పినవాళ్లు ఉన్నారా? చెప్తే ఏమైంది? ఇంకొకటి, ఇవి టిక్సా లేక ఆటిజంలో మనసు కుదుటపడటానికి మళ్లీ మళ్లీ చేసే స్టిమ్మింగా అని డాక్టర్ అడిగితే నేను తడబడ్డాను. మీరు తేడా ఎలా కనిపెడతారు?

రాత్రిబడి
మీకు హెల్మెట్, నాకు కాలేజీ జిరాక్స్ గది. తలుపేసి మిషన్ ఆన్ చేస్తే ఆ మోతలో నా చప్పుడు వినపడదు. లెక్చరర్‌ని, 44 ఏళ్లు. ఇది చేసేది నేనొక్కడినే అనుకున్నా.

ఉప్పుటేరు
రెండో ప్రశ్నకి నాకు తెలిసింది చెప్తా. నాకు రెండూ ఉన్నాయి. చున్నీ అంచు చుట్ట చుట్టి విప్పడం, మళ్లీ చుట్టడం నా స్టిమ్. అది చేస్తుంటే హాయిగా ఉంటుంది. బస్సులో గంటసేపు చేస్తా, ఎవరైనా ఆపమంటే చిరాకొస్తుంది కానీ ఆపగలను. కళ్లు గట్టిగా మూసి తెరవడం టిక్. దానికి ముందు కనురెప్పల వెనక ఒక గిలి మొదలవుతుంది, తుమ్ము వచ్చే ముందు ముక్కులో ఉంటుందే అచ్చం అలా. రెప్ప కొడితేనే పోతుంది, పోయిన కాసేపటికే మళ్లీ వస్తుంది. అందులో హాయి ఏమీ లేదు, బాధ తగ్గడం తప్ప. డాక్టర్లు ఆ గిలిని ప్రిమోనిటరీ అర్జ్ అంటారు.

స్టిమ్ చేస్తే మనసు కుదుటపడుతుంది. టిక్ చేస్తే ఆ ఒక్క క్షణం గండం గడుస్తుంది. నా లెక్క ఇంతే.

మల్లెతీగ_వరండా
@ఉప్పుటేరు మీకు అంత శుభ్రంగా విడిపోయాయి, నాకు లేదు. నా భుజం చిన్నప్పుడు దానంతట అదే ఎగిరేది. ఇప్పుడు టెన్షన్‌లో ఉంటే నేనే కావాలని ఎగరేస్తా, ఊరటగా ఉంటుంది. కుడి భుజం ఎగిరితే ఎడమది కూడా సమానంగా ఎగరాలి, లెక్క సరిపోయిందనిపించే దాకా ఆగదు. టిక్, స్టిమ్, ఓసీడీ (చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) మూడింట్లో అది ఏదో డాక్టరే తేల్చలేకపోయింది. "మూడూ ఒకే ఇంట్లో ఉంటాయి, గోడలు పల్చన" అంది ఆవిడ.

ఉప్పుటేరు
అదీ నిజమే. నేను చెప్పింది నా ఒంటి సంగతి మాత్రమే.

మానేరు_ఒడ్డు
అన్నా, ఇదంతా మనసు మీద పట్టు లేకపోతే వచ్చేది. పొద్దున నలభై నిమిషాలు ప్రాణాయామం చెయ్యి, ఫోన్ తగ్గించు. ఈ ఫోన్లు వచ్చాకే ఇవన్నీ మొదలైనయ్.

నీలిచుక్క
@మానేరు_ఒడ్డు ఫోన్ల మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. ఫ్రాన్స్‌లో జిల్ ద లా టూరెట్ అనే డాక్టరు ఇలాంటి తొమ్మిది మంది రోగుల గురించి రాసింది 1885లో. ఆయన గురువు షార్కో ఆ పేరే జబ్బుకి పెట్టాడు. అప్పటికి కరెంటు బల్బే కొత్త.

పట్టు సంగతి. కిటికీపక్క గారు తొమ్మిది గంటలు బిగబట్టి కూర్చుంటున్నారు. అంతకన్నా పట్టు ఎవరికుంటుంది?

రాగిసంకటి
పట్టు లేదనే మాట నా ఒంట్లో ముల్లులా ఉంది ఇప్పటికీ. మా నాయన అనేవాడు. తాయెత్తు కట్టించినాడు, దర్గాలో ఊది వేయించినాడు, ఒక స్వామి దగ్గర వేపమండలతో కొట్టించినాడు. నాకు పదేళ్లు. ఆ రాత్రి మా అవ్వ నన్ను పక్కలో పడుకోబెట్టుకుని "వాని మెడ వానిది, మీకేమి అడ్డం వచ్చింది" అని ఇంటిల్లిపాదినీ తిట్టింది. ఆ మాట పట్టుకునే ఇంత దూరం వచ్చినా.

మానేరు_ఒడ్డు
@రాగిసంకటి తప్పుగా అన్న, మన్నించండి. అసలు సంగతి నేను రాయలే. నాకు గూడ ఉన్నయ్, ముక్కు ఎగబీల్చుడు, పొట్ట బిగబట్టుడు. డాక్టర్ దగ్గరికి ఎన్నడూ పోలే. ప్రాణాయామం చేస్తే ఆ నలభై నిమిషాలు ఉండవు, నిద్ర మంచిగ పడుతది, పడ్డ రోజు తక్కువుంటయ్. అది చూసి మీ అందరికీ పాఠం చెప్పిన.

రాగిసంకటి
ఫరవాలేదు అన్నా. నిద్ర మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. నాలుగు గంటలే నిద్రపోయిన మరుసటి రోజు నాకు రెట్టింపు.

దర్జీ_కాజా
నేను టైలర్‌ని, రాజమండ్రి. మా బాబుకి ఆటిజం అని చూపించడానికి వెళ్తే ఆ డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలన్నీ నా చిన్నతనమే. బాబు తర్వాత నాకూ పరీక్ష చేశారు. అప్పటికి నాకు 38.

నాకు మెడ, మోచెయ్యి. ఖాళీగా కూర్చుంటే నిమిషానికి రెండు మూడు సార్లు. మిషన్ ఎక్కితే మాత్రం ఉండవు. జాకెట్టు చంకభాగం తిప్పేటప్పుడు గుడ్డ ఎడమ చేత్తో కొద్ది కొద్దిగా వదులుతూ తొక్కాలి, కళ్లు సూది మీదే ఉండాలి. ఆ పావుగంట నా మెడ వేరేవాళ్లదిలా ఉంటుంది. కాజాలు కుట్టేటప్పుడూ అంతే. బాబిన్‌లో దారం అయిపోయి మిషన్ ఆగిందనుకోండి, ఆ క్షణంలో మూడు నాలుగు వరసగా వస్తాయి, ఇందాకటి నుంచీ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నట్టు.

కత్తెర పట్టుకున్నప్పుడు కూడా రావు. కొలతలు తీసేటప్పుడు వస్తాయి. టేపు పట్టుకుని మనిషికి దగ్గరగా నిలబడాలి, వాళ్లు నా వైపే చూస్తుంటారు. మోచెయ్యి విసురుకి ఒకావిడ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది, మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ఆడవాళ్ల కొలతలు మా ఆవిడే తీస్తోంది.

రాత్రిబడి
"గుమ్మం దగ్గర నిలబడి ఉన్నట్టు" అంటే అదే నాకూ. పాఠం చెప్పేటప్పుడు ఒక్కటీ రాదు. బెల్ కొట్టగానే వస్తాయి. చేతులు, కళ్లు, మనసు మూడూ ఒకే పనిలో ఉంటే తగ్గుతాయని మా న్యూరాలజిస్ట్ అన్నాడు. ఊరికే వేచి ఉండటమే మహా కష్టం. బ్యాంకు క్యూ, సినిమా ఇంటర్వెల్, పెళ్లి భోజనాల్లో రెండో బంతి కోసం నిలబడటం.

పెళ్లంటే నా పెళ్లే గుర్తొస్తోంది. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి కళ్లు టపటపా కొట్టుకోవడం మొదలైంది. ఫోటోగ్రాఫర్ "కళ్లు ఆర్పకండి సార్, ఒక్క సెకను" అంటున్నాడు. ఆర్పకండి అంటే ఇంకా ఎక్కువ. చివరికి మా అత్తగారు లేచి "అబ్బాయి కళ్లు మూసుకుని ఉన్నవే తీయవయ్యా, దణ్ణం పెట్టుకుంటున్నట్టు ఉంటాయి" అంది. ఆల్బం అంతా భక్తిగా ఉంటాను.

వాన_వాసన
రాత్రిబడి గారి అత్తగారికి నా నమస్కారం.

నాకు కాదు, మా ఆయనకి ఆటిజం, టిక్స్ రెండూ. పెళ్లైన కొత్తలో "ఆపు, ఆపు" అనేదాన్ని. నేను అన్న ప్రతిసారీ పెరిగేవి. ఒక ఆదివారం ఆయన బాల్కనీలో తలుపేసుకుని మెడ విదిలించుకుంటుంటే అద్దంలోంచి చూశాను. సొంతింట్లో దాక్కుని చేసుకుంటున్నాడు. ఆ రోజు నుంచి నేను ఆ మాట ఎత్తలేదు, చూడనట్టు ఉంటాను. నటించడం కాదు, ఇప్పుడు నిజంగానే కంటికి ఆనదు. ఇంట్లో తగ్గాయి కూడా.

ఇంకొకటి. మెట్రో అనౌన్స్‌మెంట్ ఆయన నోటికి అతుక్కుపోతుంది. అన్నం తింటూ తింటూ "తర్వాతి స్టేషన్ అమీర్‌పేట్" అంటాడు. ఇది టిక్కా, స్టిమ్మా?

ఉప్పుటేరు
విన్నమాట మళ్లీ మళ్లీ అనడాన్ని ఎకోలాలియా అంటారు. ఆటిజంలోనూ ఉంటుంది, టూరెట్‌లోనూ ఉంటుంది. అది అన్నప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుంది? ఇష్టంగా అంటాడా, తప్పించుకోలేక అంటాడా?

వాన_వాసన
చాలా ఇష్టంగా. నేను "తలుపులు ఎడమ వైపు తెరుచుకుంటాయి" అని అందుకోకపోతే మళ్లీ అంటాడు.

ఉప్పుటేరు
అయితే అది ఏ జబ్బూ కాదు, మీ ఇద్దరి మాట.

మానేరు_ఒడ్డు
నాకు ఒక అనుమానం. టూరెట్ అంటే బూతులు తిట్టుడు కదా? వీడియోల్ల అట్లనే చూపిస్తరు.

నీలిచుక్క
బూతులు వచ్చేది నూటికి పది, పదిహేను మందికే. మిగతావాళ్లకి ఇక్కడ మనం చెప్పుకుంటున్నవే. కదలికల టిక్స్ రెండో అంతకన్నా ఎక్కువో, గొంతు చప్పుడు కనీసం ఒకటి ఉండి, 18 ఏళ్లలోపు మొదలై, ఏడాదికి పైగా సాగితే టూరెట్ అంటారు. మధ్యలో తగ్గుతూ పెరుగుతూ ఉండొచ్చు. మామూలుగా పది పన్నెండేళ్ల వయసులో ఉధృతంగా ఉండి, పెద్దయ్యే కొద్దీ చాలామందికి నెమ్మదిస్తాయి. మనం నెమ్మదించని కొద్దిమందిలో ఉన్నాం.

నేను సీబీఐటీ అనే థెరపీ చేశాను, బెంగళూరు సైకాలజిస్ట్ దగ్గర, ఆన్‌లైన్‌లో. ఎనిమిది సెషన్లు. గిలి మొదలవగానే టిక్‌కి ఎదురు కదలిక ఒకటి చెయ్యాలి. మెడ విదిలింపుకి గడ్డం కొంచెం కిందికి దించి, మెడ కండరాలు మెల్లగా బిగించి నిమిషం ఉంచడం. గొంతు చప్పుడుకి నోరు మూసి ముక్కుతో నిదానంగా ఊపిరి తీసి వదలడం. ఏ చోట, ఏ సమయంలో పెరుగుతున్నాయో రాసుకుని ఆ పరిస్థితిని కూడా కొంత మార్చాలి. పిల్లల మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2010లో, పెద్దవాళ్ల మీద చేసినవి 2012లో వచ్చాయి. మందు లేకుండా తగ్గుతున్నాయని తేలింది. నాకు గొంతు చప్పుడు సగానికి సగం తగ్గింది. మెడకి పెద్దగా పని చెయ్యలేదు.

మల్లెతీగ_వరండా
నేనూ మొదలుపెట్టి నాలుగో సెషన్‌కి మానేశాను. నా ఇబ్బంది వేరు. గిలి వచ్చినప్పుడు పట్టుకోవాలి అంటారు. నాకు ఆకలే సాయంత్రం తల తిరిగితే గానీ తెలియదు. గిలి ఎలా తెలుస్తుంది? టిక్ వచ్చి వెళ్లాక "ఓహో వచ్చింది" అనుకునేదాన్ని. పైగా పుట్టినప్పటి నుంచీ అందరిలా కనపడాలని నటించి నటించి అలసిపోయినదాన్ని, డబ్బిచ్చి ఇంకో నటన నేర్చుకోవాలా అనిపించింది.

నీలిచుక్క
నటన కాదండీ. బిగబట్టడం వేరు, ఇది వేరు. బిగబడితే గిలి పెరుగుతూ పోతుంది. ఎదురు కదలికతో కూర్చుంటే ఆ గిలి కాసేపటికి దానంతట అదే కరిగిపోతుంది.

మల్లెతీగ_వరండా
మీకు కరిగింది. నాకు మెడ బిగించి కూర్చుంటే ఎదుటివాళ్లు ఏం మాట్లాడుతున్నారో సగం వినపడదు. ఆటిజం ఉన్నవాళ్లకి ఒకేసారి రెండు పనులు ఎంత బరువో మీకూ తెలుసు. ఎవరి సుఖం కోసం చేస్తున్నాం అన్నది ముందు తేల్చుకోవాలి. నొప్పి పుడుతుంటే చెయ్యాలి. పక్కవాళ్లకి ఇబ్బందిగా ఉందని అయితే నేను చెయ్యను.

నీలిచుక్క
ఆ చివరి మాట ఒప్పుకుంటున్నా. నేను గొంతు చప్పుడుకి చేసింది నొప్పి వల్లే, పగలంతా గొంతు బొంగురుపోయేది. వినికిడి సంగతి నాకు తట్టలేదు, థెరపీలో ఎవరూ అడగలేదు కూడా. అడగాల్సింది.

రాగిసంకటి
మందుల గురించి ఎవరూ రాయలేదు. నా అనుభవం చెప్తా, మీ డాక్టర్ మాటే మీకు లెక్క.

మొదట రిస్పెరిడోన్. టిక్స్ బాగా తగ్గినాయి, ఎనిమిది నెలల్లో పదకొండు కిలోలు పెరిగినా. పగలంతా మత్తు. తర్వాత క్లోనిడిన్. అది బీపీ మాత్ర కూడా. ఒక రోజు బస్సులో సీట్లోంచి గభాల్న లేస్తే కళ్లు చీకట్లు కమ్మి కండక్టర్ మీద పడినా. ఆయన మజ్జిగ ప్యాకెట్ కొనిచ్చినాడు పాపం. డోసు తగ్గించినాక ఆ బాధ పోయింది. నచ్చలేదని క్లోనిడిన్ ఒక్కసారిగా మానేయద్దు, బీపీ ఎగబాకుతుంది, డాక్టరు మెల్లమెల్లగా తగ్గించాల్సిందే. ఇప్పుడు అరిపిప్రజోల్ తక్కువ డోసు, ఫరవాలేదు.

@కిటికీపక్క_సీటు మెడ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఏళ్ల తరబడి గట్టిగా విదిలిస్తే మెడ ఎముకలు అరిగి వెన్నుపాము మీద ఒత్తిడి పడొచ్చు. చేతుల్లో తిమ్మిరి, పట్టు తప్పడం ఉంటే న్యూరాలజిస్ట్‌కి అదే ముందు చెప్పండి. మెడ టిక్స్‌కి కొందరికి బోటాక్స్ ఇంజెక్షన్ ఇస్తారు, మూడు నెలలు పని చేస్తుంది.

కిటికీపక్క_సీటు
కుడి చేతి చిటికెనవేలు తిమ్మిరిగా ఉంటోంది. కీబోర్డు వల్ల అనుకున్నాను.

రాగిసంకటి
కీబోర్డు కూడా కావచ్చు. ఈ వారమే వెళ్లండి. చెప్పి మర్చిపోయే మనిషిని కాదు నేను, సోమవారం అడుగుతా.

కొత్తగా_చేరా
మా చెల్లికి 22. పోయిన నెల వరకు ఏమీ లేదు. ఒక్క వారంలో చేతులు విసరడం, గట్టిగా మాటలు అరవడం మొదలైంది. రోజుకి వందసార్లు. ఇదీ టూరెటేనా?

నీలిచుక్క
పెద్దయ్యాక ఇలా వారం రోజుల్లో ఒక్కసారిగా విరుచుకుపడితే ఎక్కువగా టూరెట్ కాదు. 2020, 2021లో చాలా దేశాల్లో డాక్టర్లు ఇలాంటివాళ్లని, ముఖ్యంగా అమ్మాయిలని, ఎక్కువగా చూశారు. ఫంక్షనల్ టిక్స్ అంటారు. నాటకం కాదు, చెల్లి కావాలని చెయ్యట్లేదు. వైద్యం వేరుగా ఉంటుంది, త్వరగా తగ్గే అవకాశమూ ఉంది. వేరే కారణాలు లేవని కూడా చూడాలి కాబట్టి న్యూరాలజిస్ట్‌కి చూపించండి. ఏవైనా కొత్త మాత్రలు మొదలుపెట్టారేమో అదీ చెప్పండి.

కొత్తగా_చేరా
సరే అక్కా. నిమ్స్‌లో చూపిస్తాం.

డాలస్_బావ
మొదటి ప్రశ్న దగ్గరికి వస్తా. నేను చెప్పాను ఆఫీసులో. ఇక్కడ అమెరికాలో 1990 నుంచి వికలాంగుల హక్కుల చట్టం ఉంది, ఏడీఏ. డాక్టర్ ఉత్తరం హెచ్ఆర్‌కి ఇస్తే గోడ పక్క సీటు, వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని ఇచ్చారు. కష్టమైంది మన తెలుగువాళ్ల మధ్యే. అందరూ తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో పిల్లలు నన్ను చూసి అనుకరిస్తుంటే తల్లులు వాళ్ల నోరు మూసి లోపలికి లాక్కెళ్తారు. అడగనివ్వండమ్మా, నేను చెప్తాను కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒక ఆరేళ్ల పాప మాత్రం అడిగింది. "నీ తల ఎందుకు అలా అంటుంది?" "దానికి ఎక్కిళ్లు వచ్చాయి" అన్నాను. "అయితే నీళ్లు తాగించు" అని గ్లాసు తెచ్చింది.

రాత్రిబడి
ఎక్కిళ్లు! నలభై నాలుగేళ్లలో ఇంత తేలిగ్గా చెప్పొచ్చని నాకు తట్టలేదు. రేపు క్లాసులో ఇదే చెప్తా.

ఎర్రబస్సు
మన దగ్గరా చట్టం ఉంది, 2016ది. 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, టూరెట్ పేరు విడిగా లేదు. అందుకని వైకల్య సర్టిఫికెట్‌కి ఆటిజం మీదే వెళ్లాలి. వైకల్యం 40 శాతం, ఆపైన అని రాస్తే చాలా సౌకర్యాలు వర్తిస్తాయి. చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు కంపెనీ కూడా సమాన అవకాశాల పాలసీ పెట్టుకోవాలి. మీ హెచ్ఆర్‌ని ఆ కాగితం చూపించమనండి, అందులో ఎవరిని కలవాలో ఉండాలి.

నా సంగతి చెప్తా. మీసేవలో స్లాట్ తీసుకుని వెళ్లాను. పొద్దున ఏడింటికి వరసలో నిలబడితే ఒంటిగంటకి పిలిచారు. లోపల మెడికల్ బోర్డులో ఒకాయన తల కూడా ఎత్తకుండా "మాట్లాడుతున్నావు కదా, ఉద్యోగం చేస్తున్నావు కదా, ఆటిజం ఏంది" అన్నాడు. ఆరు గంటలు ఆ రద్దీలో టిక్స్ ఆపుకున్నాను, లోపలికి వెళ్లాక ఒక్కటీ రాలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే ఆగకుండా వచ్చాయి. రెండోసారి అక్క తోడొచ్చింది. నా చిన్నప్పటి స్కూలు రిపోర్టులు, ఇంట్లో తీసిన రెండు వీడియోలు, సైకాలజిస్ట్ రిపోర్టు పట్టుకెళ్లాం. "ఇక్కడ ఆపుకోవద్దు తమ్ముడూ, ఇక్కడే చెయ్యాలి" అని అక్క నూరిపోసింది. అప్పుడు ఇచ్చారు. వెళ్లేవాళ్లు వీడియోలు తప్పకుండా తీసుకెళ్లండి.

మల్లెతీగ_వరండా
ఊళ్లో ఆపుకోకపోతే తప్పు, బోర్డు ముందు ఆపుకుంటే తప్పు. చదువుతుంటే కడుపు మండిపోయింది.

కిటికీపక్క_సీటు
నిన్న రాత్రి అస్సలు బాగాలేదు. మెడ ఆగలేదు, మూడింటి దాకా నిద్ర లేదు. ఇలా ఇంకెన్నేళ్లు అనిపించింది. ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోదామని అమ్మకి మెసేజ్ టైప్ చేసి చెరిపేశాను.

వాన_వాసన
తమ్ముడూ, ఈ రోజు సెలవు పెట్టు. ఉద్యోగం గురించి ఇవాళ ఏమీ తేల్చకు. అమ్మకి ఫోన్ చెయ్, మాట్లాడకపోయినా పర్లేదు, పక్కన ఆవిడ ఊరికే టీవీ చూస్తున్నా సరే, లైన్‌లో ఉండు.

రాగిసంకటి
మళ్లా రాత్రి అట్లనిపిస్తే 14416కి చెయ్యి. టెలిమానస్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నేను రెండుసార్లు చేసినా. మేమూ ఇక్కడే ఉన్నాం.

మానేరు_ఒడ్డు
తమ్మీ, నేను మియాపూర్‌లోనే ఉంట. చాయ్‌కి రా. మాట్లాడాల్సిన పని లేదు, ఇద్దరం కూసొని మెడలు విదిలించుకుందాం.

కిటికీపక్క_సీటు
వస్తాను అన్నా.

కిటికీపక్క_సీటు
పది రోజుల తర్వాత రాస్తున్నాను. న్యూరాలజిస్ట్ ఎంఆర్ఐ తీయించాడు. మెడలో డిస్క్ ఒకటి కొంచెం జరిగింది, నరం మీద పెద్ద ఒత్తిడి లేదు. ఫిజియోథెరపీ మొదలైంది. @రాగిసంకటి మీరు సోమవారం నిజంగానే అడిగారు, మెసేజ్ చూశాను.

ఆఫీసులో చెప్పాను. మేనేజర్‌కి, ఆ పెద్దాయనకి కలిపి ఒక మెయిల్. ఇక్కడ పెడుతున్నా, ఎవరికైనా పనికొస్తే వాడుకోండి:

"నాకు చిన్నప్పటి నుంచి టిక్స్ ఉన్నాయి. నా భుజం, మెడ కదులుతాయి, గొంతులో చప్పుడు వస్తుంది. ఇది నరాలకి సంబంధించినది, ఎవరి మాటకీ స్పందన కాదు. ఆపుకోగలను గానీ ఆపుకుంటే నొప్పి పుడుతుంది, పని మీద ధ్యాస ఉండదు. చూడనట్టు ఉంటే చాలు. నాకు రోజూ ఒకే సీటు, గోడ పక్కన కావాలి."

ఆటిజం మాట రాయలేదు. ఇప్పటికి ఇంతే చెప్పగలిగాను.

పెద్దాయన మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి చాలాసేపు ఏమీ అనలేదు. "మా తమ్ముడికి కళ్లు అలా ఉండేవి, మా నాన్న బాగా కొట్టేవాడు" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు. సీటు ఇంకా రాలేదు, అడ్మిన్ వాళ్లు చూస్తామన్నారు. ఈలోపు రోజుకి మూడుసార్లు ఫైర్ ఎగ్జిట్ మెట్ల దగ్గరికి వెళ్లి వస్తున్నా. సాయంత్రం సెల్లార్‌లో ఆగడం ఇంకా మానలేదు, పది నిమిషాలు కాస్తా నాలుగైంది.

ఉప్పుటేరు
"ఎవరి మాటకీ స్పందన కాదు" అన్న వాక్యం ఒక్కటే నాకు చాలు. దాచుకున్నా.

ఎర్రబస్సు
సీటు సంగతి నోటిమాటగా వదలకండి. వారం చూసి మళ్లీ మెయిల్ పెట్టండి, ఈసారి హెచ్ఆర్‌ని కూడా కలిపి.

మానేరు_ఒడ్డు
చాయ్‌కి వచ్చిండు. గంటన్నర కూసున్నం, పది మాటలు మాట్లాడుకున్నమేమో. మళ్ల ఆదివారం వస్తడు.

దర్జీ_కాజా
ఆ మెయిల్ చూసి నాకూ ధైర్యం వచ్చింది. కొట్లో అద్దం పక్కన ఒక అట్ట రాసి పెడదామనుకుంటున్నా. "నా మెడ, చెయ్యి వాటంతట అవే కదులుతాయి. భయపడవద్దు. కొలతలు తప్పవు." కదులుతాయి అనాలా, అదురుతాయి అనాలా?

రాత్రిబడి
కదులుతాయి చాలు. అదురుతాయి అంటే మంచి శకునమా కాదా అని అడిగేవాళ్లు వస్తారు. "భయపడవద్దు" తీసేయండి, ఆ మాట చూస్తేనే భయం వేస్తుంది. "కొలతలు తప్పవు" అన్నది పైన, పెద్దక్షరాల్లో రాయండి.

దర్జీ_కాజా
సరే సార్. మా బాబు అక్షరాలు బాగుంటాయి, వాడితోనే రాయిస్తా.